చుక్క తర్వాతి అంకెలు నిమిషాలు కావు

చెన్నై సెంట్రల్ దగ్గరి స్థలానికి ఫోను అక్షాంశం 13.0827 డిగ్రీలు అని చూపితే, దాన్ని 13 డిగ్రీల 8 నిమిషాల 27 సెకన్లుగా పటంలో గుర్తించానని, చోటు బాగా ఉత్తరానికి జరిగిందని మీరు రాశారు. చిక్కంతా ఆ విడగొట్టడంలోనే ఉందండీ. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 0.0827ను 60తో గుణించండి: 4.962. అంటే 4 నిమిషాలు. మిగిలిన 0.962ను మళ్లీ 60తో గుణిస్తే 57.7 సెకన్లు. అసలు విలువ 13°4′57.7″.

అక్షాంశంలో ఒక్క సెకను దాదాపు 31 మీటర్లు. మీకు వచ్చిన తేడా సుమారు 209 సెకన్లు, అంటే ఆరు కిలోమీటర్ల పైచిలుకు! 1802లో చెన్నైలోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ కొలిచిన ఆధారరేఖే (సర్వే లెక్కలకు మూలంగా నేలపై కొలిచే గీత) సుమారు 12 కిలోమీటర్లు; మీ తేడా అందులో సగం.

సైన్ 30 డిగ్రీలకు మీ కాలిక్యులేటర్ మైనస్ 0.988 ఇస్తోందని కూడా రాశారు; అది వేరే సంగతి. కాలిక్యులేటర్ రేడియన్లలో (కోణాలకే ఉన్న మరో కొలతలో) ఉంది. డిగ్రీలకు మారిస్తే 0.5 వస్తుంది. ఎక్సెల్ మాత్రం రేడియన్లే అడుగుతుంది, కాబట్టి అక్కడ డిగ్రీలను 3.14159తో గుణించి, 180తో భాగించి ఇవ్వండి. ఎప్పుడైనా 0.454 కనిపిస్తే గ్రేడియన్లలో పడ్డారన్నమాట. లంబకోణాన్ని 100 భాగాలు చేసే ఆ కొలతతో మీకు పని లేదు.