అంకితం అంటే గుర్తు వేయడమే

సందేహం: అల్జీమర్స్ పరిశోధన గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో వచ్చిన 'బయోటిన్ లేబుల్డ్ రీకాంబినెంట్ టౌ ప్రోటీన్'కి 'బయోటిన్ అంకిత టౌ' అని రాస్తే, 'ప్రోటీన్‌ని బయోటిన్‌కి అంకితమిచ్చారా?' అని మిత్రులు నవ్వారు. నేను రాసింది తప్పా?

సమాధానం: తప్పని నేననను. అంకం అంటే గుర్తు, మచ్చ. ఒడి, నాటకంలో భాగం అనే అర్థాలూ ఉన్నాయి, వాటితో ఇక్కడ పని లేదు. కుందేలు మచ్చ ఉన్నవాడు శశాంకుడు. లెక్కల్లో వాడే అంకె కూడా ఈ అంకమే. అంకితమంటే గుర్తు పడినది.

కృతిని అంకితమివ్వడమూ గుర్తు వేయడమే. పెద్దన మనుచరిత్ర తెరవండి. కథ ప్రవరుడిది, వరూధినిది. ఆశ్వాసం మొదట్లో, చివర్లో వినిపించే పిలుపు మాత్రం కృష్ణదేవరాయలకు. ఆ పద్యాలు తీసేసినా కథ మారదు, ఉంటే కావ్యం ఎవరి పేర వెలిసిందో తెలుస్తుంది. కన్నడ హరిదాసులు కీర్తనలో వేసే ముద్రను అక్కడ నేటికీ అంకితమనే అంటారు. పురందరదాసు అంకితం 'పురందర విఠల'. మనమేమో ఆ అర్థం మరిచి, ప్రతి సన్మానపత్రంలో 'అంకితభావం' రాస్తున్నాం. శ్రద్ధ, నిష్ఠ అనే మాటలు ఏం పాపం చేశాయి?

మీ ప్రోటీన్ సంగతీ అలాంటిదే. టౌ నాడీకణాల్లో సూక్ష్మనాళికలను, అంటే కణానికి లోపలి ఊతంగా ఉండే సన్నని గొట్టాలను, నిలబెట్టే ప్రోటీన్. 1975లో ఆ పేరు పెట్టారు. అల్జీమర్స్‌లో అది పట్టు వదిలి చిక్కులు పడుతుంది. మనిషి జన్యువును ఈ. కోలై బ్యాక్టీరియాలో పెట్టి, మెదడుతో పని లేకుండానే 441 అమైనో ఆమ్లాల పూర్తి టౌను తయారు చేయిస్తారు. రీకాంబినెంట్ టౌ అంటే ఇదే. దాన్ని నాడీకణాలకు అందిస్తే, మనం ఇచ్చిన టౌ ఏదో, కణం సొంత టౌ ఏదో తేడా తెలియదు. అందుకే బయోటిన్ అనే బి విటమిన్ అణువును దానికి తగిలిస్తారు. స్ట్రెప్టావిడిన్ అనే మరో ప్రోటీన్ బయోటిన్‌ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఆచూకీ దొరుకుతుంది. ప్రోటీన్ నడవడి మారకూడదు, ఉనికి తెలియాలి. ఆశ్వాసాంత పద్యం చేసేదీ అదే కదా!

నాకు మింగుడుపడనిది 'లేబుల్డ్'. లేబుల్ మనదైపోయింది, సరే. ఆ 'డ్' ఎందుకు? 'లేబుల్ వేసిన' అంటే పోయేదేముంది?

ఇక 'బయోటిన్ అంకిత' అన్యదేశ్యానికీ తత్సమానికీ ముడి. వైరి సమాసమని ఎవరైనా పట్టుబడితే కాదనలేను. పారిభాషిక పదకోశంలో ఉంచుకోండి. వ్యాసంలో మాత్రం 'బయోటిన్ గుర్తు వేసిన టౌ' అంటే ఎవరూ నవ్వరు. 'రీకాంబినెంట్' అసలు డీఎన్ఏకు చెందిన విశేషణం, ప్రోటీన్‌కు అరువొచ్చింది. దాన్ని ప్రస్తుతానికి అలాగే ఉండనివ్వండి.