పెంపుడు నేస్తాలు: పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: దసరా మర్నాడు జంతు సంరక్షణ కేంద్రం నుంచి రెండేళ్ల ఆడ వీధికుక్కను తెచ్చుకున్నాం. పగలంతా దివాన్ కిందే నక్కి ఉంటుంది. మేం పడుకున్నాకే వచ్చి తింటుంది. మామగారు గదిలోకి వస్తే గుర్రుమంటుంది. మా ఆరేళ్ల బాబేమో ఆడుకుందామని దాన్ని బయటికి లాగబోతాడు. వెనక్కి ఇచ్చేయమంటున్నారు అత్తగారు. దీనికి మనుషులంటే పడదా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. రాత్రి బయటికి వచ్చి తింటోందంటే మీ ఇల్లు దానికి కొంత అలవాటైనట్టే. ఇలాంటి కుక్కలు కుదురుకోవడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా.

ఒక సంగతి మీరు రాయలేదు. మామగారు చేతికర్ర పట్టుకుని నడుస్తారా? వీధిలో పెరిగిన కుక్కకు కర్ర కనబడితే దెబ్బే గుర్తొస్తుంది. అది మోకాళ్ల నొప్పికి పట్టుకున్నదని దానికేం తెలుసు? ఆయన్ను దివాన్‌కు దూరంగా కుర్చీలో కూర్చోబెట్టి, కర్ర నేలమీద పెట్టించండి. ఉడికించిన కోడిమాంసం ముక్కలు దాని వైపు విసరమనండి. పిలవనక్కర్లేదు, బుజ్జగించనక్కర్లేదు. రోజూ అదే సమయానికి చేస్తే ఆయన రాక కోసం అదే ఎదురుచూస్తుంది.

గుర్రుమంటే మాత్రం కసరకండి. దగ్గరికి రావద్దని అది చెప్పే పద్ధతి అదే. ఆ నోరు మూయిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది. బాబును దివాన్ కిందికి చెయ్యి పెట్టనివ్వకండి, వాళ్లిద్దరినీ ఒంటరిగా వదలకండి. కాస్త దూరంలో కూర్చుని తెలుగు వాచకం పైకి చదువుకోమనండి. పాఠమూ వస్తుంది, కుక్కకు వాడి గొంతూ అలవాటవుతుంది. ఒకవేళ పన్ను గాని గోరు గాని గీరుకుంటే పదిహేను నిమిషాలు ధారగా పారే నీళ్లలో సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్నానం ఇప్పుడే వద్దు. కొత్త కుక్కను చూడవచ్చే చుట్టాలూ కొన్నాళ్లు ఆగవచ్చు. పాలు చాలా కుక్కలకు అరగవు. పెరుగన్నం పెట్టండి, ఉల్లిపాయ తగలకుండా. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టే. రేబిస్ టీకా కార్డు మాత్రం కేంద్రంవారిని అడిగి తీసుకోండి. ఒకరోజంతా ఏమీ తినకపోయినా, చిగుళ్లు పాలిపోయినా పిడుదుల జ్వరం కావచ్చు. రక్తపరీక్ష చేయించండి.

ఇక దీపావళి. పెంపుడు కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది ఆ రాత్రే. చీకటి పడకముందే గొలుసు వేసి బయట తిప్పుకొచ్చి, గేటుకూ వీధి తలుపుకూ గడియ పెట్టేయండి. మెడపట్టీ మీద మీ ఫోను నంబరు రాయించండి. ఆ రాత్రి దివాన్ కిందే ఉంటానంటే ఉండనివ్వండి. దుప్పటి ఒకటి అంచులదాకా వేలాడేలా కప్పి, టపాసుల మోత కాస్త తక్కువ వినబడేలా ఫ్యాను వేగం పెంచండి.