మనవరాలి కోసం అమెరికా ప్రయాణం: ఇన్సులిన్ కంటే ముందు ఆ దగ్గు సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి పది రోజుల కిందట పాప పుట్టింది. ఇంకో ఐదు వారాల్లో, సెప్టెంబర్ చివర్లో, నేనూ మా వారూ దుబాయ్ మీదుగా వెళ్తున్నాం. ఆరు నెలలు ఉంటాం. మా వారికి 68 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్‌తో పాటు 30/70 ఇన్సులిన్ పొద్దున 24, రాత్రి 16 యూనిట్లు సీసాలోంచి సిరంజితో తీసుకుంటారు. నాకు 63. బీపీకి రామిప్రిల్, మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్ కలిసిన మాత్ర వాడతాను. పిక్కల మీద నరాలు ఉబ్బి ఉంటాయి. ప్రయాణంలో ఇన్సులిన్ టైములు ఎలా మార్చాలి? ఆరు నెలల మందులు తీసుకెళ్లనిస్తారా? రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వేసుకోమంటున్నారు, నిజమేనా? పాపకు ఏమేం తీసుకెళ్లాలి? నాకు నెల రోజులుగా కాస్త పొడి దగ్గు ఉంది గానీ అది పెద్ద విషయం కాదనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు ఆఖర్న ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ దగ్గుతోనే మొదలుపెడదాం. మిగతావన్నీ సర్దుకోగలిగినవే. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, మన దగ్గర ముందు క్షయ కాదని తేల్చుకోవాలి. మీ విషయంలో నాకు రామిప్రిల్ మీదా అనుమానం ఉంది. ఆ మందు వాడేవారిలో కొందరికి గొంతులో గరగరలాడుతూ పొడి దగ్గు వస్తుంది, అదీ ఒక్కోసారి మందు మొదలుపెట్టిన చాలా నెలలకు. మీ డాక్టర్ దాన్ని టెల్మిసార్టాన్ లాంటి మరో రకానికి మారిస్తే చాలామందికి నాలుగు వారాల్లోపే తగ్గుతుంది. మీ అంతట మీరు ఆపేయకండి, బీపీ పెరుగుతుంది. అలాగని ‘మాత్ర వల్లే అయ్యుంటుంది’ అనుకుని పరీక్ష మానేయకండి. ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష ఈ వారంలోనే అయిపోవాలి. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపల్నుంచి గట్టిగా దగ్గి తెచ్చిన తెమడ ఇవ్వాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష చేసీ లాభం లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం.

ఇంత పట్టుబట్టడానికి కారణం పాప. అమెరికాలో పుట్టిన పిల్లలకు బీసీజీ టీకా మామూలుగా వేయరు. నెలల పిల్లలకు క్షయ సోకితే ఊపిరితిత్తులతో ఆగదు, మెదడు పొరల దాకా పోతుంది. పరీక్షలో తేలితే ప్రయాణం వాయిదా వేయక తప్పదు.

రెండోది టీడాప్ టీకా (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు మూడింటికీ కలిపి వేసేది), ఇద్దరికీ. ‘టీటీ వేయించుకున్నాం కదా’ అంటుంటారు. టీటీ ధనుర్వాతానికి మాత్రమే, అందులో కోరింత దగ్గు టీకా ఉండదు. పెద్దవాళ్లకు కోరింత దగ్గు వస్తే వారాల తరబడి దగ్గుతారు, అంతే. రెండు నెలల్లోపు పిల్లలకు వస్తే దగ్గే లేకుండా ఊపిరి ఆగిపోవచ్చు. అక్కడ పిల్లలకు ఈ టీకా మొదటి డోసు రెండు నెలలకు వేస్తారు, మీరు వెళ్లేసరికి పాపకు ఇంకా ఆరేడు వారాలే. మీ అమ్మాయి ఏడో నెల తర్వాత టీడాప్ వేయించుకుని ఉంటే పాపకు కొంత రక్షణ వచ్చే ఉంటుంది, అడిగి తెలుసుకోండి. మీరు మాత్రం పాపను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి. ఫ్లూ టీకా కూడా అదే రోజు రెండో చేతికి వేయించుకోవచ్చు. ఆరు నెలలు నిండని పిల్లలకు ఫ్లూ టీకా లేదు, మీరు వెళ్లేది సరిగ్గా ఆ సీజన్‌లోకే. మీ వారికి వయసు, షుగర్ రెండూ ఉన్నాయి గనక న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకోకల్ టీకా గురించి కూడా అడగండి.

ఇక ఇన్సులిన్. టైముల కంటే ముందు ఒక ప్రమాదం గురించి చెప్పాలి. మన దగ్గర సీసాల్లో ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, సిరంజి గీతలూ దానికి తగ్గట్టే ఉంటాయి. అమెరికాలో సీసా 100 యూనిట్లది. ఇక్కడి 30/70ని అక్కడ 70/30 అంటారు, మందు అదే. చాలా రాష్ట్రాల్లో డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతారు. ఇక్కడి మందు అయిపోయిందని మీ అల్లుడు గారు అక్కడి సీసా కొన్నారనుకోండి. మీ వారు ఇక్కడి సిరంజితో 24 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 60 యూనిట్లు. గంటల్లో షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. తిరగేసి, ఇక్కడి సీసాలోంచి అక్కడి సిరంజితో 24 గీతకు లాగితే పది యూనిట్లు కూడా పడవు, షుగర్ 400 దాటినా కారణం అంతు పట్టదు. అందుకే ఈ ఐదు వారాల్లోనే సీసా మానేసి పెన్‌కు మారమనండి. మామూలుగా వాడే పెన్ కార్ట్రిడ్జ్‌లు ఇక్కడా అక్కడా 100 యూనిట్లవే, తిప్పిన అంకె ఎంతో డోసు అంత. ఒక కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లు. రోజుకు 40, ప్రతిసారీ సూదిలో గాలి పోవడానికి వదిలే 2 యూనిట్లు కలుపుకుంటే దాదాపు వారానికి ఒకటి. వెంట తీసుకెళ్లనిచ్చే 90 రోజులకు (ఆ నియమం కింద చెప్తాను) 14, పాడైపోతే పనికొచ్చేలా ఇంకో రెండు పెట్టుకోండి.

అవన్నీ చేతి బ్యాగులోనే. చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడ్డానికి బాగానే ఉన్నా పని చేయదు. జెల్ ప్యాక్‌ను తువ్వాలులో చుట్టి పెట్టండి, కార్ట్రిడ్జ్‌లకు నేరుగా తగలకూడదు. వాడుకలో ఉన్న పెన్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, 30 డిగ్రీలు మించకపోతే దాదాపు నాలుగు వారాలు ఉంటుంది.

టైములకు ఒక చిట్కా: డల్లాస్‌లో దిగేదాకా మీ వారి చేతి గడియారం ఇండియా టైమ్‌లోనే ఉండనివ్వండి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే, మన టైమ్ 8కి దుబాయ్‌లో ఉంటారు. పొద్దున డోసు అక్కడే, టిఫిన్ ముందు పెట్టుకుని. రాత్రి డోసు మన టైమ్ 8కి, రెండో విమానంలో. ఆ వేళకు ట్రే రాకపోతే ముందే చెప్పి తెప్పించుకోవాలి, లేదా వెంట తెచ్చుకున్న చపాతీలు తినాలి. భోజనం కళ్ల ముందుకు రాకుండా ఇంజెక్షన్ వద్దు. కుదుపులొచ్చి వడ్డన ఆగిపోతే షుగర్ పడిపోతుంది. డల్లాస్‌లో దిగేసరికి అక్కడ సాయంత్రం ఐదున్నర. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య భోజనంతో మూడో డోసు పడుతుంది, దానికీ ముందు డోసుకూ ఎడం ఇంచుమించు పదకొండు గంటలు ఉంటుంది గనక భయం లేదు. మర్నాటి నుంచి అక్కడి గడియారమే. ప్రయాణంలో నాలుగైదు గంటలకోసారి షుగర్ చూసుకోవాలి. మూడో డోసుకు ముందు 150 కంటే తక్కువున్నా, తిండి సరిగా సాగకపోయినా ఎంత తగ్గించాలో బయల్దేరకముందే మీ డాక్టర్ చేత చీటీ మీద రాయించుకోండి. తిరుగు ప్రయాణం దీనికంటే చిక్కు. అప్పుడు రోజు పదిన్నర గంటలు కుదించుకుపోయి డోసులు దగ్గర పడతాయి, ఒకటి బాగా తగ్గించాల్సి రావచ్చు. టికెట్ టైములు చూపించి ఆ లెక్క కూడా ఇప్పుడే రాయించండి.

మందుల విషయానికొస్తే, వెంట 90 రోజులకు సరిపడా తీసుకెళ్లొచ్చన్నది అమెరికా సాధారణ నియమం. ఆపైన కావాల్సినవి చీటీ, పత్రాలతో తర్వాత తెప్పించుకోవాలి. స్ట్రిప్పుల్లోంచి మాత్రలు విడదీసి డబ్బాల్లో పోయకండి. చీటీలో కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు ఇంగ్లిష్‌లో ఉండాలి, అక్కడి డాక్టర్‌కు మన బ్రాండ్లు తెలియవు. ఇక్కడి డోలో, అక్కడి టైలెనాల్ ఒకటే మందు. పేర్లు వేరు కదా అని రెండూ కలిపి వేసుకుని కాలేయం మీదకు తెచ్చుకునేవాళ్లున్నారు. మీ ట్రమడాల్ మాత్ర మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి. దుబాయ్ ఉన్న యూఏఈలో అది నియంత్రిత మందు, ముందస్తు అనుమతి కావాలి. రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు తగ్గిస్తూ ఈ ఐదు వారాల్లో పారాసెటమాల్‌కు, పూతమందుకు మారొచ్చు. నిద్ర మాత్రలు ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. మందు మత్తులో కాళ్లు ముడుచుకుని గంటల తరబడి కదలకుండా పడుకోవడమే రక్తం గడ్డకట్టడానికి దారి.

దానికి ఆస్పిరిన్ మందు కాదు. ఉబ్బిన నరాలున్న మీకు మోకాలి కిందిదాకా వచ్చే కంప్రెషన్ సాక్సులు కావాలి, 15-30 ఎంఎంహెచ్‌జీ ఒత్తిడివి. పొద్దున్నే వాపు లేనప్పుడు పిక్క, చీలమండ కొలతలిచ్చి కొనుక్కోండి. పైఅంచు మడత పడితే తాడు కట్టినట్టే, ఉన్న మేలు కాస్తా పోతుంది. నడిచే దారి పక్క సీటు అడగండి. మన ఆడవాళ్లు బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్లే తాగరు, అది మానాలి. గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు మడమలు ఎత్తి దించుతుండండి. రెండు పాదాలూ కాస్త వాచి ఒకట్రెండు రోజుల్లో తగ్గితే కంగారు లేదు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే, దిగి రెండు మూడు వారాలైనా సరే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పాపకు బట్టలు, కొబ్బరినూనె చాలు. వస కొమ్ము, కాటుక, గ్రైప్ వాటర్ వద్దు. కాటుకల్లో సీసం ఉండొచ్చు. ఏడాది నిండేదాకా నాలుక మీద తేనె రాయకూడదు, అందులో ఉండగల బొట్యులిజం క్రిమి కండరాల్ని చచ్చుబరుస్తుంది. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టకూడదు. సాంబ్రాణి పొగ పాప ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా ఇంట్లో అలారం మోగుతుంది. పాపను వెల్లకిలా, విడిగా తొట్టిలో, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టమని అక్కడి డాక్టర్లు చెప్తారు, ఆ మాట వినండి. దిగిన మొదటి నాలుగైదు రోజులు రాత్రి పూట పాపను ఎత్తుకునే డ్యూటీ మీరు తీసుకోకండి. పగలూ రాత్రీ తారుమారై సోఫాలోనే కునుకు పడుతుంది, ఒడిలోని పిల్ల పక్కకు జారి ఊపిరాడకపోవచ్చు. మూడు నెలల్లోపు పాపకు జ్వరం 100.4 ఉంటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే ఆసుపత్రికే.

బీమా తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో, మీ వారి వయసుకు అది వర్తిస్తుందో లేదో చదివించుకోండి. మామూలు చెకప్‌లకు చాలా పాలసీల్లో పైసా రాదు. కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), కంటి రెటీనా పరీక్ష ఇక్కడే చేయించుకోండి. పన్ను ఏదైనా అప్పుడప్పుడు సలుపుతుంటే దాన్నీ వెళ్లేముందే చూపించేయండి, అక్కడ ఒక్క రూట్ కెనాల్ బిల్లు మీ విమాన టికెట్‌తో పోటీ పడుతుంది.