అండమాన్‌లో మనుషులను తినేవాళ్లు ఉన్నారా?

"వచ్చే నెల పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. అక్కడి అడవుల్లో నరమాంస భక్షకులు ఉన్నారట, నిజమేనా?" అని అడిగారు.

లేరు. ఒకప్పుడు ఉన్నారనడానికీ ఆధారం లేదు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల మధ్య పెరిగినవాణ్ని. ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు గానీ మాకింకా నోరు తిరగడం లేదు. స్వస్థలం నుంచి చుట్టాలు ఫోను చేస్తే మొదట అడిగేది ఇదే. తర్వాత ఓడ టికెట్ల సంగతి. విశాఖ నుంచి ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో ఆ సముద్రుడికే తెలియాలి!

ఒకసారి టెక్కలి నుంచి మా మేనమామ వస్తే బారాటాంగ్ గుహలు చూపిద్దామని తీసుకెళ్లాను. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దాటితే జారవా తెగవాళ్లు ఉండే అడవి. బళ్లన్నీ పోలీసు కాపలాలో వరుసగా వెళ్లాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఒక మలుపులో జారవా కుర్రవాడు కనిపించాడు. నుదుటికి ఎర్ర పట్టీ, చేతిలో పొడవాటి విల్లు. మామయ్య గబుక్కున అద్దం ఎత్తేసి, "వీళ్లు మనుషులను తింటారటగా?" అని డ్రైవరును అడిగాడు.

"అడవి పంది, చేపలు, తేనె తింటారండీ."

"మరి మనుషులను?"

"మనల్ని తింటే వాళ్లకు షుగరు వచ్చేయదా అండీ?"

అంతలో ముందు కారులోంచి ఎవరో బిస్కెట్ పొట్లం విసిరారు. అది నేరం. చదువుకున్నవాళ్లే చేస్తారు ఈ పని, పైగా పుణ్యం అనుకుంటారు. మామయ్య మాత్రం ఊరెళ్లి, మనుషులను తినేవాళ్లను మూరెడు దూరంలో చూశానని టీ కొట్టు దగ్గర చెప్పుకున్నాడట.

ఈ పుకారు వయసు ఏడు వందల ఏళ్లు పైనే. ఈ దీవుల వాళ్లకు కుక్క తలలుంటాయని, దొరికినవాణ్ని తినేస్తారని మార్కో పోలో రాశాడు. ఆయన ఇక్కడ అడుగుపెట్టిన ఆధారమే లేదు. తర్వాత వచ్చిన తెల్లవాళ్లు గ్రేట్ అండమానీయులనే ఆదివాసుల మెడలో ఎముకల దండలు చూశారు. అవి చనిపోయిన తమవాళ్లవి, ప్రేమకొద్దీ దాచుకున్నవి. ఇక బయటివాళ్లను దగ్గరికి రానివ్వని నార్త్ సెంటినల్ దీవి ఆదివాసులు, సెంటినలీలు, 2006లో ఇద్దరు జాలర్లను, 2018లో ఒక అమెరికన్‌ను చంపిన మాట నిజమే. చంపి ఏం చేశారు? ఒడ్డునే ఇసుకలో పాతిపెట్టారు. ఈ సంగతి మన యూట్యూబ్ వీరులు ఒక్కరూ చెప్పరు, చెబితే ఎవరు చూస్తారు?

అసలు మనల్ని చూసి భయపడాల్సింది ఈ ఆదివాసులే. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల స్థావరం పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కలకు 19 మంది మిగిలారు. ఎక్కువమందిని మింగింది బయటినుంచి వచ్చిన తట్టు, సిఫిలిస్ లాంటి రోగాలే. 1999లో జారవాలకూ తట్టు సోకింది. అందుకే, బయల్దేరే రోజుకు మీ పిల్లలకు జ్వరమో జలుబో ఉంటే బారాటాంగ్ మానేసి హేవ్‌లాక్ దీవికి ఓడ ఎక్కేయండి. సముద్రం అక్కడే బాగుంటుంది.