భయం పోయాక మాట్లాడదామనుకుంటే కుదరదు చిన్నా

చిన్నా,

పనంతా నువ్వు చేసి, నలుగురి ముందు మాట్లాడాలంటే భయపడి, ప్రెజెంటేషన్ మాత్రం పక్కవాడి చేత ఇప్పించావని తెలిసి బాధేసింది. ఇది ఇక్కడితో ఆగదు, ఇవాళ ప్రెజెంటేషన్, రేపు ఇంటర్వ్యూ, ఆ తర్వాత మీటింగులో నీ తరఫున నువ్వే చెప్పుకోవాల్సిన ఒక్క మాట. తప్పించుకున్నప్పుడల్లా ప్రాణానికి హాయిగా ఉంటుంది చూడు, ఆ హాయికి అలవాటు పడటం వల్లే భయం ఇంకా ముదురుతుంది. పని బాగా తెలిసినవాళ్లు ఈ ఒక్క కారణంతో వెనకబడిపోవడం నేను చాలానే చూశాను.

మాట్లాడటానికి లేవగానే గుండె దడదడలాడటం, నోరెండిపోవడం నీ చేతగానితనం కాదు. అన్ని కళ్లూ ఒక్కసారి మీద పడేసరికి ఒళ్లు దాన్ని ప్రమాదం అనుకుని అడ్రినలిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది, అంతే. చాలామందికి దాని జోరంతా మొదట్లోనే, మాట్లాడుతూ పోతే తగ్గుతుంది. అందుకే మొదటి రెండు మూడు వాక్యాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. మిగతాది బట్టీ పట్టొద్దు, ఒక్క మాట జారితే మొత్తం పోతుంది, పాయింట్లు రాసుకో చాలు. అవి కూడా పల్చటి కాగితం మీద కాదు. చెయ్యి కాస్త వణికినా కాగితం అంచులు రెపరెపలాడతాయి, అది చూసి నీకే టెన్షన్ పెరుగుతుంది. అరచేతిలో పట్టే అట్టముక్క మేలు.

నీ కంగారు అందరికీ తెలిసిపోతోందనుకుంటావు కదా, నిజానికి అంత కనపడదు. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, మాట్లాడబోయే కొందరికి ముందే ఈ సంగతి విడమర్చి చెప్పారు. మిగతావాళ్ల కంటే వాళ్లే బాగా మాట్లాడారు, వినేవాళ్లకీ అలాగే అనిపించింది. నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే వాళ్ల భయాన్ని ఎవరూ తీసెయ్యలేదు, అది బయటికి కనపడదని చెప్పారంతే.

మనసులో చదువుకుంటే ప్రాక్టీస్ అయినట్టు కాదు, నిలబడి గొంతెత్తి చెప్పాలి. ముందు ఒకరి ఎదుట, తర్వాత నలుగురి ఎదుట. మాట్లాడాల్సి వస్తుందని ముందే రాత్రుళ్లు నిద్ర పట్టకపోతున్నా, చదువో ఉద్యోగమో వదిలేద్దామనిపిస్తున్నా మాత్రం నీలో నువ్వే పోరాడకు, కౌన్సెలర్ని కలువు, దీనికి మంచి చికిత్సలున్నాయి.

వచ్చే ప్రెజెంటేషన్‌లో మొదటి భాగం నేనే చెప్తానని ఇవాళే మీ టీమ్ వాళ్లకు చెప్పెయ్. ఆదివారం నాకు ఫోన్ చెయ్యి, నిలబడి మొత్తం చెప్పు, నేను వింటాను.

మీ మామయ్య