ఆ పదేళ్లని 1929 నుంచి వెనక్కి చదవొద్దు

తమ్ముడూ,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. 1920ల అమెరికా మీద తెలుగులో ఇంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఏమీ అనుకోకు. నీ వాక్యంలో చదివించే గుణం ఉంది. కథ నడిపిన తీరే నాకు నచ్చలేదు. మొదటి సగంలో అందరూ డాన్సులు చేస్తారు, దొంగచాటుగా తాగుతారు, అప్పు చేసి కార్లు కొంటారు, షేర్లు కొంటారు. రెండో సగంలో 1929 అక్టోబర్ వస్తుంది, షేర్ మార్కెట్ కూలుతుంది, అందరూ రోడ్డున పడతారు. చదివినవాడికి చివరికి మిగిలేది 'చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవ' అన్న మాట ఒక్కటే. నా అభ్యంతరం ఆ మాటతోనే. డాన్సులు చేసినవాళ్లు వేరు, ఆ తర్వాత పస్తులున్నవాళ్లు చాలావరకు వేరు.

అంకెలు చూడు. 1929లో షేర్ బ్రోకర్ల దగ్గర ఖాతా ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద పదిహేను లక్షల చిల్లర. జనాభా 12 కోట్ల పైమాటే. అంటే నూటికి ఒకరో ఇద్దరో. 1933 నాటికి మాత్రం పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ నాలుగోవాడు ఏం చేసుకున్నాడని ఈ శిక్ష? నీ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర ఆగకుండా దాటిపోయింది.

రైతుల సంగతైతే 1929 దాకా ఆగనే లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో యూరప్ పొలాలు పాడుబడ్డాయి, అమెరికా గోధుమలకి గిరాకీ పెరిగి బుషెల్ (సుమారు 27 కిలోలు) ధర 2 డాలర్లు దాటింది, ఇంకా పండించండి, ఇంకా పండించండి అని ప్రభుత్వమే చెప్పింది, ఆ ధర అలాగే ఉంటుందని నమ్మి భూమి తాకట్టు పెట్టి పక్క పొలం కొన్నవాళ్లున్నారు, ట్రాక్టర్లు కొన్నవాళ్లున్నారు. 1921 కల్లా ధర దాదాపు సగమైంది. అప్పు సగం కాలేదు. 1921 నుంచి 1929 లోపల ఐదు వేలకి పైగా బ్యాంకులు మూతపడ్డాయి, అందులో ఎక్కువ భాగం రైతులకి అప్పులిచ్చిన చిన్న ఊళ్ల బ్యాంకులే. ఇదంతా నువ్వు 'స్వర్ణయుగం' అని రాసిన సంవత్సరాల్లో జరిగింది. రైతుకి గిట్టుబాటు ధర ఇప్పించే బిల్లుని వాళ్ల పార్లమెంటు, అంటే కాంగ్రెస్, రెండుసార్లు నెగ్గించి పంపితే, 1927లో ఒకసారి, 1928లో ఒకసారి ప్రెసిడెంట్ కూలిడ్జ్ వీటో చేశాడు. నీ వ్యాసంలో కూలిడ్జ్ ఉన్నాడు, ఈ వీటోలు లేవు. జాజ్ సంగీతం మీద ఒక పేరా తక్కువ రాసినా నష్టం లేదు గానీ ఇది లేకుండా ఆ దశాబ్దం లేదు.

అలాగని అభివృద్ధి అంతా బూటకం అని రాస్తావేమో, అదీ తప్పే. ఆ మార్పు నిజం, జనం దాన్ని ప్రేమించారు కూడా. 1908లో 850 డాలర్లకి అమ్మిన ఫోర్డు మోడల్ టీ 1920ల మధ్యకొచ్చేసరికి 300 లోపు దొరికింది. 1927లో తయారీ ఆపేనాటికి కోటిన్నరకి పైగా బళ్లు రోడ్డెక్కాయి. 1930లో చూస్తే సగానికి పైగా రైతు కుటుంబాలకి కారుంది, కరెంటు మాత్రం పదింట ఒక ఇంటికే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు కూర్చో. ఇంట్లో కిరసనాయిలు దీపం, నీళ్లు బావి నుంచి తోడుకోవాలి, ముంగిట్లో మాత్రం కారు. ఆ రైతులు ఏం చేశారో తెలుసా? కారు వెనక చక్రాన్ని జాకీతో పైకి లేపి, దానికి బెల్టు తగిలించి, కట్టెలు కోసే రంపాన్నీ, మొక్కజొన్న కండెలు ఒలిచే యంత్రాన్నీ, బట్టలుతికే మిషన్నీ దాంతోనే తిప్పారు. కరెంటు కంపెనీలు దూరాభారం, గిట్టదు అని ఊళ్లలోకి తీగ లాగకపోతే, జనం ఇంజన్ని ఇంటి పనికి మళ్లించుకున్నారు. అభివృద్ధి ఎవరి గుమ్మం దాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఆగిన చోట జనం ఏం ఉపాయం చేశారు అన్నది ఈ ఒక్క దృశ్యంలో ఉంది. నీ వ్యాసంలో ఇలాంటిది ఒక్కటి కూడా లేకపోవడం నాకు నిజంగా బాధేసింది.

ఇక వాయిదాల సంగతి. 'అమెరికన్లకి అప్పుల పిచ్చి పట్టింది' అని తేల్చేశావు. అసలు అది ఎలా నడిచిందో చూడాలి కదా. జనరల్ మోటార్స్ 1919లోనే కార్లకి అప్పులివ్వడానికి సొంత ఫైనాన్స్ కంపెనీ పెట్టుకుంది. ఫోర్డుకి అప్పు పద్ధతి నచ్చక చాలాకాలం పంతం పట్టి, చివరికి 1928లో తనూ దిగొచ్చాడు. 1920ల మధ్యకల్లా ప్రతి నాలుగు కార్లలో సుమారు మూడు వాయిదాల మీదే అమ్ముడుపోయేవి. రేడియోలూ, వాక్యూమ్ క్లీనర్లూ, కుట్టుమిషన్లూ అదే దారి. షరతు ఏమిటంటే, వాయిదా తప్పితే వస్తువు పట్టుకుపోతారు, అప్పటిదాకా కట్టిందంతా పోయినట్టే. ఫోన్ దగ్గర్నుంచి ఫ్లాట్ దాకా ఈఎంఐల మీద కొంటున్న మన పాఠకులకి ఈ టెన్షన్ నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడు 1930లో ఒక ఇంటిని ఊహించు. జీతం తగ్గింది, లేదా తగ్గుతుందన్న భయం. ముప్పావు వంతు కట్టేసిన బండిని ఎవరు వదులుకుంటారు? పిల్లలకి కొత్త బూట్లు మానేస్తారు, బట్టలు మానేస్తారు, ఇంకో ఏడాది పాత పొయ్యితోనే సర్దుకుంటారు, వాయిదా మాత్రం కడతారు. లక్షల ఇళ్లు ఒక్కసారి ఇలా బిగించుకుంటే బూట్ల ఫ్యాక్టరీకి ఆర్డర్ ఉండదు, బట్టల మిల్లుకి ఆర్డర్ ఉండదు, అక్కడ పనిచేసేవాళ్ల ఉద్యోగాలు పోతాయి, ఇప్పుడు వాళ్ల వాయిదాలు ఆగిపోతాయి. మాంద్యం షేర్ మార్కెట్ నుంచి వంటింటికి పాకిందని అందరూ రాస్తారు. వంటింటి నుంచి ఫ్యాక్టరీకి ఎలా పాకిందో కూడా రాయి. నువ్వు క్రమశిక్షణ లేకపోవడం అన్నచోట నాకు కనిపిస్తున్నది ప్రాణం పోయినా వాయిదా తప్పకూడదన్న పట్టుదల.

ఒక మనిషి గురించి చెప్తాను. ఎల్లా మే విగ్గిన్స్. నార్త్ కరోలినాలో బెస్సెమర్ సిటీ అనే ఊళ్లో నూలు మిల్లు కార్మికురాలు, భర్త వదిలేసి పోయాడు, వారానికి సుమారు 9 డాలర్ల కూలి. తొమ్మిది మంది పిల్లలు పుడితే నలుగురు కోరింత దగ్గుతో పోయారు. పిల్లలకి జబ్బుగా ఉంది, రాత్రి చూసుకునేవాళ్లు లేరు, నైట్ షిఫ్ట్ నుంచి పగటి షిఫ్ట్‌కి మార్చండి అని అడిగితే సూపరింటెండెంట్ కుదరదన్నాడని ఆమే తర్వాత సభల్లో చెప్పుకుంది. పని మానేయాల్సి వచ్చింది, మానేశాక మందులకి డబ్బుల్లేవు. 1929 వసంతంలో పక్కనున్న గాస్టోనియాలో మిల్లు కార్మికులు సమ్మెకి దిగారు. కూలి పెంచకుండా ఒక్కో మనిషి చూసుకోవాల్సిన మెషీన్లు పెంచుతూ పోవడం వాళ్ల ప్రధాన ఫిర్యాదు. ఎల్లా మే ఆ యూనియన్‌లో చేరి పాత బాణీలకి కొత్త పాటలు కట్టి సభల్లో పాడింది. తను తెల్లామె, ఉండేది మాత్రం నల్లవాళ్ల పేటలో, ఆ ఇరుగుపొరుగువాళ్లని కూడా యూనియన్‌లోకి రమ్మని పిలిచింది, ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో అది ఎంత సాహసమో చెప్పలేను. 1929 సెప్టెంబర్ 14న మీటింగుకి ట్రక్కులో వెళ్తుంటే తుపాకులు పట్టుకున్న గుంపు అడ్డగించి వెనక్కి పంపింది, అంతటితో ఆగక వెంటపడి కాల్చింది. ఆమె చనిపోయింది. వయసు 28. కేసులో నిందితులందరినీ కోర్టు వదిలేసింది.

తేదీ మళ్లీ చూడు. సెప్టెంబర్ 14. షేర్లు ఆ ఏడాది అత్యధిక స్థాయికి చేరింది సెప్టెంబర్ 3న, కూలడం మొదలైంది అక్టోబర్ 24న. అంటే ఆమె బతుకూ చావూ మొత్తం 'ఐశ్వర్యం' లోపలే జరిగాయి. నువ్వు ఆమెని వాడుకుంటావని తెలుసు, వాడుకో, కానీ వ్యాసం మొదట్లో పెట్టి పాఠకుణ్ణి ఏడిపించడానికి వాడొద్దు. కార్ల గురించి రాశాక, ఆ కార్ల సీట్లకి, టైర్లకి, ఇళ్ల కర్టెన్లకి పత్తి ఎక్కడిది, నూలు ఎవరు వడికారు అన్న ప్రశ్న తర్వాత ఆమె రావాలి. అప్పుడు ఆమె సానుభూతి కోసం తెచ్చిన మనిషిలా కాకుండా ఆ ఆర్థికవ్యవస్థలో ఒక భాగంగా కనిపిస్తుంది.

సామాజిక మార్పు దగ్గర నువ్వు పొట్టి జుట్టు, పొట్టి గౌన్లతో సరిపెట్టావు. 1920లో ఆడవాళ్లకి ఓటు రాజ్యాంగహక్కు అయిందన్నావు, దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలని ఆ ఓటు వేయనివ్వలేదన్నది వదిలేశావు. దక్షిణాది నుంచి లక్షలమంది నల్లవాళ్లు రైలెక్కి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ వెళ్లారు, అది ఆ దశాబ్దపు అతి పెద్ద సామాజిక మార్పుల్లో ఒకటి, దానికి నీ దగ్గర ఒక్క వాక్యం. ఓక్లహోమా రాష్ట్రంలోని తుల్సాలో నల్లవాళ్లు సొంతంగా దుకాణాలు, హోటళ్లు, సినిమాహాళ్లు కట్టుకుని బాగుపడిన గ్రీన్‌వుడ్ పేటని 1921లో తెల్లవాళ్ల గుంపులు ఒక రాత్రీ ఒక పగలూ తగలబెట్టాయి, సుమారు 35 బ్లాకుల మేర. ఆస్తి నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీలు పరిహారం ఇవ్వలేదు. ఎవరు బాగుపడొచ్చు, ఎవరు బాగుపడకూడదు అని ఆ సమాజం గీసుకున్న గీత అక్కడ కనిపిస్తుంది. మద్యనిషేధం మీద మాత్రం మూడు పేరాలు రాశావు, అన్నీ దొంగసారా, గ్యాంగులే. దాని వెనక దశాబ్దాలపాటు పోరాడిన ఆడవాళ్లని ఛాందసులన్నావు. కూలి డబ్బులు సారాకొట్లో పోతుంటే ఆడవాళ్లకి ఎంత మండుతుందో సారా మీద తిరగబడ్డ దూబగుంట ఆడవాళ్ల కథ తెలిసిన మనం ఆ మాట అనకూడదు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఇది బలవంతంగా తెచ్చిపెట్టిన లంకె కాదు. 1923లో భగత్‌సింగ్ థింద్ (మన విప్లవకారుడు భగత్‌సింగ్ కాదు) కేసులో భారతీయులు తెల్లవాళ్ల కింద లెక్కకి రారని, పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1924 వలస చట్టం ఆసియా నుంచి వచ్చేవాళ్లకి తలుపు దాదాపుగా మూసేసింది. అప్పటికే పౌరసత్వం ఉన్నవాళ్లది కూడా లాక్కున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకుని, 1921లో పౌరుడైన వైష్ణోదాస్ బగాయ్ అలా అన్నీ పోగొట్టుకుని 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో, హాస్పిటల్లో నైట్ పోర్టర్‌గా పనిచేసి కడుపు నింపుకుంటూ, హార్వర్డ్‌లో చదువుతూ, 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. భారతీయులకి పౌరసత్వ హక్కు తిరిగొచ్చింది 1946లో. ఆయన 1948లో పోయారు. ఆయన గొప్పతనం తెలుగులో చాలామంది రాశారు. ఆయన ఏ చట్టాల నీడలో అక్కడ బతికారో రాసినవాళ్లు తక్కువ.

చివరి భాగంలో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ వచ్చి అందరినీ ఆదుకున్నట్టు ముగించావు. ఆదుకున్న మాట నిజమే, బ్యాంకు డిపాజిట్లకి బీమా వచ్చింది, పల్లెలకి కరెంటు తీగ కదిలింది. కానీ ముసలితనంలో పింఛను ఇచ్చే 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంలో పొలం పనివాళ్లనీ ఇళ్లల్లో పనివాళ్లనీ మినహాయించారు. నల్లవాళ్లలో ఎక్కువమంది చేసే పనులు ఆ రెండే. అభివృద్ధి ఎవరి గుమ్మం దాకా వచ్చిందో నువ్వు మొదటి నుంచీ చూస్తూ వచ్చి ఉంటే ఇది నీకు కనబడేది.

తిరగరాసేటప్పుడు ఒక నియమం పెట్టుకో: 1926 గురించి రాస్తుంటే నీకు 1929 తెలియదు. 'త్వరలో రాబోయే విపత్తు తెలియక' లాంటి మాటలన్నీ కొట్టేయ్. వాళ్లకి తెలియదు, అంతే, అది వాళ్ల తప్పు కాదు. 1926 మే నెలలో ఫోర్డు తన ఫ్యాక్టరీల్లో వారానికి ఐదు రోజుల పని పెట్టాడు, ఆ శనివారం ఇంట్లో ఉన్న కార్మికుడికి భవిష్యత్తు బాగుందనిపించడం సహజం. అతని సంతోషాన్ని పూర్తిగా ఇవ్వు.

పుస్తకాల మీద పుస్తకాలు చదివే బదులు ఇప్పుడు అసలు కాగితాలు చూడు. 1930 జనగణన రాత షీట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరస, ఇంటి వివరాలు ఇంటిపెద్ద వరసలో: సొంతిల్లా అద్దెదా, విలువెంత లేక అద్దెంత, పక్కనే రేడియో సెట్టు ఉందా అని ఒక గడి, ఉంటే అందులో ఒక అక్షరం. తర్వాత గడుల్లో ఎక్కడ పుట్టారు, ఏ రంగు, చదవడం రాయడం వచ్చా, ఏం పని. గాస్టోనియాలో ఒక వీధి తీసుకో, డెట్రాయిట్‌లో ఒక వీధి తీసుకో, రేడియో గడి ఎక్కడ నిండింది, ఎక్కడ ఖాళీగా ఉంది అని మాత్రం చూసుకుంటూ వెళ్లు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు పాత పేపర్లు ఉచితంగా పెట్టారు, వాటిలో వార్తలు కాదు, ప్రకటనలు చదువు, ముందు ఎంత కట్టాలి, వారానికి ఎంత అన్నది అక్కడే ఉంటుంది. నీ నాలుగో పేరా, అదే అప్పుల పిచ్చి పేరా, వీటితో మళ్లీ రాసి ముందు అదొక్కటే పంపు. మిగతాది దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య