ట్యాబ్‌లో ప్రింటర్ ‘పెయిర్డ్’ అని చూపిస్తున్నా బిల్లు రాకపోతే ఏం చూడాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. హోటల్ కౌంటర్‌లో ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద బిల్లింగ్ ఆప్ వాడుతున్నారు. రెండంగుళాల బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ కొన్ని నెలలు సక్రమంగా పనిచేసి, ట్యాబ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక మొండికేసింది. బ్లూటూత్ జాబితాలో దాని పేరు కింద ‘పెయిర్డ్’ అనే ఉంది కానీ, బిల్లు కొట్టగానే ‘ప్రింటర్ నాట్ కనెక్టెడ్’ అని వస్తోంది, ఒక్కోసారి దానంతటదే పనిచేస్తోంది కూడా. ట్యాబ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయమని ఎవరో సలహా ఇచ్చారు, చేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే చేయకండి. బిల్లింగ్ ఆప్‌లలో చాలావాటి డేటా ట్యాబ్‌లోనే ఉంటుంది. బ్యాకప్ తీయకుండా రీసెట్ చేస్తే మెనూ, ధరలు, ఖాతాదారుల బాకీలు, జీఎస్టీకి చూపవలసిన పాత బిల్లులు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. పైగా, తణుకులో మా పెద్దనాన్నగారి అబ్బాయి నడిపే టిఫిన్ సెంటర్‌లోనూ, ఆ వరుసలోని మరికొన్ని దుకాణాల్లోనూ ఇలాంటి ప్రింటర్లను నేను చూస్తూ వచ్చినంతలో, రీసెట్‌తో తప్ప కుదరదనే పరిస్థితి ఎక్కడా ఎదురుకాలేదు. లోపం ప్రింటర్‌లో ఉందా, రెండింటి మధ్య లంకెలో ఉందా, ఆప్‌కు ఇచ్చిన అనుమతుల్లో ఉందా అన్నది ముందుగా విడదీసి చూడాలి, అందుకు పట్టే సమయం కూడా తక్కువే.

మొదట ట్యాబ్‌ను పక్కన పెట్టి ప్రింటర్‌ను మాత్రమే పరీక్షించండి. ప్రింటర్‌ను ఆఫ్ చేసి, కాగితాన్ని ముందుకు జరిపే ఫీడ్ బటన్‌ను నొక్కి పట్టుకునే పవర్ ఆన్ చేస్తే, చాలా మోడళ్లలో సెల్ఫ్ టెస్ట్ చీటీ ఒకటి బయటికి వస్తుంది. ఆ చీటీ సక్రమంగా వచ్చిందంటే ప్రింట్ హెడ్ (కాగితం మీద వేడితో ముద్రించే భాగం), కాగితం, కరెంటు మూడూ బాగున్నట్టే. కాగితం కదిలి తెల్లగానే బయటికి వస్తే రోలు తిరగేసి పెట్టారేమో చూడండి. థర్మల్ కాగితానికి రసాయనపు పూత ఒకవైపే ఉంటుంది కాబట్టి గోటితో గట్టిగా గీస్తే ఏ వైపు నల్లటి గీత పడుతుందో ఆ వైపు హెడ్‌కు తగలాలి. మూత సరిగా పడకపోయినా, రోలు అయిపోయినా చాలా ప్రింటర్లు ఎర్రలైటు వెలిగించి పనిని నిరాకరిస్తాయి, కొన్ని ఆప్‌లు ఆ సంగతి చెప్పకుండా ‘నాట్ కనెక్టెడ్’ అనే అంటాయి.

ఆ చీటీని పారేయకండి. బ్లూటూత్ పేరు, పిన్, పన్నెండు అక్షరాంకెల బ్లూటూత్ అడ్రస్ సాధారణంగా దాని మీదే ఉంటాయి. అడ్రస్ ఎందుకంటే, ఒకే రకం ప్రింటర్లకు చాలావరకు ఫ్యాక్టరీలో ఒకటే పేరు పెట్టి పంపుతారు. పక్క మెడికల్ షాపులో కూడా అదే మోడల్ ఉంటే మీ ట్యాబ్ జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తుంది, అప్పుడు ఏది మీదో పేరును బట్టి తేల్చలేరు. ట్యాబ్‌లో ఆ పేరు పక్కనున్న గేర్ గుర్తును నొక్కితే తెరుచుకునే పేజీలో, చాలా ట్యాబ్‌లలో, అడుగు భాగాన అడ్రస్ కనిపిస్తుంది. చీటీ మీది చివరి నాలుగు అక్షరాంకెలతో అది కలిస్తే చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెయిర్ కావడమంటే ఫోన్‌లో ఒకరి నంబరు సేవ్ చేసుకోవడం లాంటిది, నంబరు ఉన్నంత మాత్రాన అవతలివారు ఖాళీగా ఉన్నారని కాదు. ఈ చిన్న ప్రింటర్లు సీరియల్ పోర్ట్ ప్రొఫైల్ అనే పాత పద్ధతిలో పనిచేస్తాయి. ఇయర్‌ఫోన్‌లనూ కీబోర్డునూ ఆండ్రాయిడ్ తానే కనెక్ట్ చేసి ‘కనెక్టెడ్’ అని చూపుతుంది గానీ, ఈ ప్రింటర్ల విషయంలో లంకెను తెరవవలసింది, మూయవలసింది బిల్లింగ్ ఆపే. కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రింటర్ పేరు మీద ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం ఉండదు, అక్కడ ‘కనెక్టెడ్’ అని కనిపించకపోవడం లోపమూ కాదు. మరొక సంగతి, తక్కువ ధరలో దొరికే ప్రింటర్లలో అత్యధిక భాగం ఒక సమయంలో ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి. మరొక ఫోనో ట్యాబో ముందే లంకె తెరిచి పట్టుకుని ఉంటే, మీ ట్యాబ్ ఎంత అడిగినా ప్రింటర్ పలకదు.

‘ఒక్కోసారి దానంతటదే పనిచేస్తోంది’ అని మీరు రాసిన మాట చూడగానే నాకు తట్టింది ఇదే. తణుకులో కూడా ఉదయం ఇడ్లీ, దోశ రద్దీ సమయంలో ప్రింటర్ అసలు కలిసేది కాదు, సాయంత్రం మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా బిల్లులు వచ్చేవి. ఉదయంపూట ప్లేట్లన్నీ కౌంటర్ మీద చేరడంవల్ల సిగ్నల్ అడ్డుపడుతోందని, పక్కనే ఉన్న మైక్రోవేవ్ వల్ల అని ఎవరికి తోచినది వాళ్లు చెప్పారు. సూపర్‌వైజర్ సెలవు పెట్టిన రోజున మాత్రం ఉదయం కూడా ప్రింటర్ బుద్ధిగా పనిచేసింది. ఆరా తీస్తే, కౌంటర్‌లో ట్యాబ్ చార్జింగ్ లేక ఆగిపోయిన ఒక రోజున అతను తన ఫోన్‌లో అదే ఆప్ వేసుకుని ప్రింటర్‌ను జత చేశాడని తేలింది. ఆ ఆప్‌లో ‘ఆటో కనెక్ట్’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండటంవల్ల, అతను పొద్దున్నే లెక్కలు చూడటానికి ఆప్ తెరిచిన మరుక్షణం ఫోన్ వెళ్లి ప్రింటర్‌ను పట్టుకునేది, జేబులో పెట్టుకున్నా వదిలేది కాదు. అతని ఫోన్‌లో ప్రింటర్‌ను ‘ఫర్‌గెట్’ చేయడంతో ఆ సమస్య అక్కడితో తీరిపోయింది. ట్యాబ్‌లో మార్చవలసింది ఏమీ లేదు.

అందుచేత మీ హోటల్‌లో ఆ ప్రింటర్‌తో ఎప్పుడైనా జత అయిన ఫోన్లన్నిటినీ గుర్తు చేసుకుని, వాటి బ్లూటూత్‌ను ఒకేసారి ఆపించండి. ప్రింటర్‌ను ఆఫ్ చేసి ఆన్ చేయండి, అప్పుడు ట్యాబ్‌లో బిల్లు కొట్టండి. బిల్లు వస్తే ఒక్కొక్క ఫోన్‌లో బ్లూటూత్ తిరిగి ఆన్ చేయిస్తూ పోతే లంకెను పట్టుకుంటున్నది ఏదో తెలిసిపోతుంది. డెలివరీ ఆర్డర్ల కోసం వేరే ట్యాబ్ ఉంటే దాన్ని మరిచిపోకండి. రెండు పరికరాలనుంచి బిల్లులు రావలసిన అవసరం నిజంగా ఉంటే, నెట్‌వర్క్ కేబుల్ (లాన్) లేదా వై-ఫై ఉన్న ప్రింటర్ తీసుకోవడమే మేలు.

అప్‌డేట్ తర్వాతే మొదలైందని అన్నారు కాబట్టి అనుమతుల సంగతి కూడా చూడవలసిందే. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ పరికరాలకు ‘నియర్‌బై డివైసెస్’ అనే ప్రత్యేక అనుమతి ఏర్పడింది. అంతకుముందు వెర్షన్లలో, ఆండ్రాయిడ్ 6 మొదలుకుని 11 వరకు, చుట్టుపక్కల పరికరాలను వెదకాలంటే ఆప్‌కు లొకేషన్ అనుమతి ఉండాలి. ట్యాబ్ కొత్త వెర్షన్‌కు మారి, ఆప్ కూడా దానికి తగ్గట్టు అప్‌డేట్ అయినప్పుడు తెర మీద ఒక చిన్న ప్రశ్న వస్తుంది. రద్దీలో ఉన్న క్యాషియర్ దాన్ని చదవకుండా ‘డోంట్ అలౌ’ నొక్కేస్తాడు. ఆండ్రాయిడ్ 11 నుంచి అలా రెండోసారి కూడా నిరాకరిస్తే సిస్టమ్ ఇక ఆ ప్రశ్నను చూపదు, ఆప్ మాత్రం ప్రింటర్ కనెక్ట్ కాలేదనే చెబుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్స్, అందులో మీ బిల్లింగ్ ఆప్, అందులో పర్మిషన్స్ తెరిచి ‘నియర్‌బై డివైసెస్’ అలౌ అని ఉందో లేదో చూడండి. ఒక అడుగు వెనక్కి, ఆప్ పేజీకి వస్తే బ్యాటరీ అనే వరుస కూడా ఉంటుంది, దాన్ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’కు మార్చండి. లేకుంటే తెర ఆరిన కాసేపటికి సిస్టమ్ ఆప్‌ను నిద్రపుచ్చుతుంది, దాంతోపాటే లంకె కూడా తెగిపోతుంది.

ఇంతవరకూ అన్నీ సరిగా ఉంటే పెయిరింగ్‌ను కొత్తగా చేయండి. ట్యాబ్‌లో ప్రింటర్‌ను ‘ఫర్‌గెట్’ చేసి, ఆప్ లోపల ఎంచుకున్న ప్రింటర్‌ను కూడా తీసివేసి, ట్యాబ్‌ను రీస్టార్ట్ చేసిన తర్వాతే మళ్లీ జత చేయాలి. పిన్ అడిగితే చీటీ మీద ఉన్నది ఇవ్వండి, చీటీలో లేకపోతే సాధారణంగా 0000 లేదా 1234 సరిపోతుంది. కొన్ని ప్రింటర్లు పాత తరహా బ్లూటూత్‌కు ఒక పేరు, తక్కువ విద్యుత్తుతో పనిచేసే బీఎల్‌ఈకి మరో పేరు చొప్పున రెండుగా కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ బిల్లింగ్ ఆప్‌లు ఎక్కువగా కోరేది మొదటిదాన్నే కాబట్టి, ముందు దానితో చూసి, కుదరకపోతే రెండోదానితో ప్రయత్నించండి. ఈ దశలో ప్లే స్టోర్‌లో దొరికే థర్మల్ ప్రింటర్ టెస్ట్ ఆప్ ఏదైనా వేసి చూడటం మంచిది. ఈ ప్రింటర్లు దాదాపు అన్నీ ఎప్సన్ సంస్థ రూపొందించిన ఈఎస్‌సీ/పీఓఎస్ ఆదేశాలనే అనుసరిస్తాయి. వేరే ఆప్‌నుంచి ప్రింట్ వస్తోందంటే ట్యాబ్, ప్రింటర్ రెండూ నిర్దోషులు, మీరు పట్టుకోవలసింది బిల్లింగ్ ఆప్ తయారుచేసినవారినే. అయితే పరీక్ష అయిపోగానే ఆ టెస్ట్ ఆప్‌ను పూర్తిగా మూసేయండి, లేకపోతే అదే ప్రింటర్‌ను పట్టుకుని కూర్చుంటుంది.

కనెక్ట్ అయి, బిల్లు సగం వచ్చి ఆగిపోయే రకం వేరు. దానికి బ్లూటూత్‌ను తిట్టుకుని లాభం లేదు. బ్యాటరీతో నడిచే ప్రింటర్లలో హెడ్ వేడెక్కడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అక్షరాలున్న వరుసల్లో కొన్ని చుక్కలే కాలతాయి కాబట్టి పాతబడిన బ్యాటరీ కూడా ఎలాగో నెట్టుకొస్తుంది. హోటల్ లోగో, బిల్లు చివర యూపీఐ క్యూఆర్ కోడ్ వంటి నల్లటి భాగాలు వచ్చేసరికి, ఒక్కో వరుసలోని 384 చుక్కల్లో పెద్ద భాగం ఒకేసారి కాలవలసి రావడంతో వోల్టేజీ పడిపోయి ప్రింటర్ రీస్టార్ట్ అవుతుంది, లంకె తెగుతుంది. ట్యాబ్‌లో కనిపించేది మళ్లీ అదే ‘నాట్ కనెక్టెడ్’. క్యూఆర్ కోడ్ తీసేసి ఒక బిల్లు, ఉంచి ఒక బిల్లు కొట్టి చూస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ప్రింటర్‌తో వచ్చిన చార్జర్ పెట్టి ప్రయత్నించండి, అప్పుడు సరిగా వస్తే బ్యాటరీ మార్చవలసిందే. తెలుగులో కొట్టిన ఐటమ్ పేర్లు ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గీతలుగానో రావడం కూడా లంకె లోపం కాదు. ఈ ప్రింటర్లలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు, ఆప్ సెట్టింగ్‌లో బిల్లును చిత్రంగా పంపే పద్ధతి ఉంటే దాన్ని ఎంచుకోవాలి.

సిగ్నల్ అడ్డంకులను నేను చివరికి వదిలేశాను, ఎందుకంటే అందరూ మొదట అనుమానించేదీ, నేను చూసినంతలో తక్కువగా కారణమయ్యేదీ అదే. బ్లూటూత్ కూడా వై-ఫై, మైక్రోవేవ్ ఓవెన్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే నడుస్తుంది కానీ, ఈ పాత తరహా బ్లూటూత్ 79 చానళ్ల మీద సెకనుకు 1600 సార్లు మారుతూ రద్దీని తప్పించుకుంటుంది. రెండు మూడు అడుగుల దూరంలో అది అంత సులభంగా ఓడిపోదు. అయితే ప్రింటర్‌ను స్టీలు కౌంటర్ కింది అరలో, అందులోనూ స్టీలు తలుపు వెనుక పెట్టి ఉంటే, దాన్ని బయటికి తీసి ట్యాబ్ పక్కన పెట్టి ఒకసారి చూడండి.

ఇవన్నీ చూశాక కూడా కలవకపోతే, వ్యాపారం ఆగకుండా ప్రింటర్‌ను ఓటీజీ కేబుల్‌తో (ట్యాబ్ చార్జింగ్ పోర్టుకు యూఎస్‌బీ పరికరాలను కలిపే వైరు) ట్యాబ్‌కు తగిలించి, ఆప్‌లో యూఎస్‌బీ ప్రింటర్ ఎంచుకుని నడిపించండి. తీరిక చూసుకుని, ట్యాబ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ వెర్షన్, బిల్లు కొట్టినప్పుడు ప్రింటర్ మీద వెలిగే లైటు రంగు, అది ఆగి ఆగి వెలుగుతోందా నిలకడగా ఉందా అన్న వివరాలు ఇక్కడే రాయండి. సెల్ఫ్ టెస్ట్ చీటీ ఫోటో కూడా పెట్టగలిగితే మోడల్‌ను బట్టి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.